ఫెర్రిక్ క్లోరైడ్: నల్లపొడి, పసుపు గడ్డలు, ద్రావణం. డెల్టా ఉక్కలో ఏది కొనాలి?

ఇత్తడి రేకు మీద ఇంటికి పెట్టిన పేరు దింపాలన్నా, ప్రాజెక్టుకి సర్క్యూట్ బోర్డు చేసుకోవాలన్నా, రాగినీ ఇత్తడినీ తినే మందుల్లో ఇంట్లో వాడదగ్గది ఫెర్రిక్ క్లోరైడే. హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో పెరాక్సైడ్ కలిపే పద్ధతి వేగంగా పనిచేస్తుంది. కానీ ఆ పొగ ఇంట్లో భరించేది కాదు. పైగా 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత గాఢ ఆసిడ్ కొనాలంటే గుర్తింపు కార్డు, రిజిస్టరులో సంతకం. నైట్రిక్ సంగతి ఇంటి పనుల్లో ఎత్తకపోవడమే మంచిది.

ఫెర్రిక్ మూడు రూపాల్లో దొరుకుతుంది. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో కాలేజీలకు ల్యాబ్ సామాను అమ్మే కొట్లలో నల్లటి పొడి, పసుపు గడ్డలు రెండూ ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లలో చిన్న పొట్లాలు, ఒక్కోచోట సీసాలో కలిపిన ద్రావణం దొరుకుతాయి. మూడింటిలో ఉన్నది ఒకే మందు, తేడా అంతా నీటిది. మన దగ్గర గాలిలోనే సగం నీరు కాబట్టి, హైదరాబాదువాళ్లకి పట్టని ఈ తేడా మనకి ముఖ్యమవుతుంది.

నల్లపొడి సీసా మీద అన్‌హైడ్రస్ అని ఉంటుంది, అంటే నీరు బొత్తిగా లేని రూపం. బరువు తక్కువ, సరుకు ఎక్కువ. కాగితం మీద ఇదే లాభసాటి. మూత తీశాక అసలు సంగతి తెలుస్తుంది. జూలైలో ఇక్కడి గాలి తగిలితే ఆ పొడి చెమ్మ లాక్కుని ఆసిడ్ పొగ వదులుతుంది. ఆ పొగకి దగ్గర్లో ఉన్న స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు రెండు వారాల్లో తుప్పెక్కుతాయి. నీళ్లలో వేస్తే బాగా వేడెక్కి, ఎక్కువ ఒక్కసారి పడితే సలసలా మరిగి మొహం మీదికి చిందుతుంది. దీనికి మా మార్కు సున్నా. సరుకు చెడ్డదని కాదు, దీనికి ఫ్యూమ్‌హుడ్ (పొగని బయటికి లాగేసే గూడు) ఉన్న ల్యాబ్ కావాలి, పెరట్లోని రేకుల షెడ్డు చాలదు.

పసుపు గడ్డలు, అంటే లేబుల్ మీద హెక్సాహైడ్రేట్ అని ఉన్నవి, చూడటానికి తడిసిన బెల్లంలా ఉంటాయి. ఇవీ చెమ్మ పీల్చుకుంటాయి, మూత వదులైతే నెలలో పాకంలా కారతాయి. కానీ ఆ పాకం కూడా పనికొచ్చే మందే. పాడవడమంటూ లేదు, తూకం తప్పుతుందంతే. నీళ్లలో వేస్తే గోరువెచ్చగా అవుతుంది తప్ప మరగదు. డెల్టాలో ఇంటి పనికి ఇదే సరైన కొనుగోలు.

ద్రావణం వాడటానికి అన్నిటికంటే సుఖం. సాధారణంగా 42 బామే (ద్రావణాల చిక్కదనానికి వాడే కొలత) చిక్కదనంతో వస్తుంది, అంటే బరువులో దాదాపు 40 శాతం మందు. అరలో ఏళ్లపాటు నిలవుంటుంది. చిక్కంతా రవాణాలో. కొరియర్ సంచిలో మూత కారితే పక్కనున్న బట్టలన్నీ కాషాయమే. నేరుగా కొట్లో తీసుకుని, నిలువుగా పట్టుకుని ఇంటికి తెచ్చుకోగలిగితే కొనండి.

ధర చూసేటప్పుడు సీసా బరువు చూడకండి, అందులో అసలు మందు ఎంతుందో చూడండి. కిలో నల్లపొడి అంటే దాదాపు కిలో మందే. కిలో గడ్డల్లో ఉండేది 600 గ్రాములు. లీటరు ద్రావణంలో దాదాపు 560 గ్రాములు. అంటే కిలో గడ్డలూ లీటరు ద్రావణమూ ఇంచుమించు ఒకే విలువ చేసే సరుకు. ద్రావణం రేటు అంతకు బాగా ఎక్కువగా చెబితే అక్కడ నీళ్లకి డబ్బిస్తున్నట్టు. పొట్లంలో 100 గ్రాముల గడ్డలతో పాటు ఒక మార్కరు, పల్చటి కవర్ గ్లౌజులు పెట్టి కిట్ అని అమ్మేదైతే మరీ దండగ. ఆ గ్లౌజులు బిర్యానీ తినడానికి ఇచ్చేవి. పొట్లం ప్లాస్టిక్ పల్చన, వర్షాకాలంలో అతుకు దగ్గర చెమర్చి పెట్టెనంతా పసుపు చేస్తుంది.

కలపడం

ఇక్కడి వాతావరణానికి ఒకే నియమం: సీసా తెచ్చినరోజే మొత్తం కలిపేయడం. సగం గడ్డలు దాచుకుంటే నెల తర్వాత వాటిని తూచి లాభం లేదు, అందులో ఎంత గాలి నీరు చేరిందో ఎవరూ చెప్పలేరు. కలిపిన ద్రావణమైతే మారదు.

500 గ్రాముల గడ్డలకి 400 మి.లీ. నీళ్లు. నీళ్లు ముందు, గడ్డలు తర్వాత, నాలుగైదు విడతలుగా. ప్లాస్టిక్ లేదా గాజు పాత్ర, ప్లాస్టిక్ గరిటె. స్టీలు గిన్నె పనికిరాదు, అల్యూమినియం అసలే వద్దు: అల్యూమినియంతో తగిలితే బుసబుసా పొంగి, వేడెక్కి, హైడ్రోజన్ వదులుతుంది. అడుగున ఇసుకలాంటిది మిగిలితే రాత్రంతా ఉంచి పైది వంచుకోండి. మొత్తం దాదాపు 680 మి.లీ. వస్తుంది, 36 బామే దరిదాపుల్లో ఉంటుంది. సరిగ్గా వచ్చిందా లేదా చూడటానికి బామే మీటరు అక్కర్లేదు. సూది తీసేసిన 10 మి.లీ. సిరంజితో కొలిచి వంటింటి డిజిటల్ త్రాసు మీద పెడితే 13.3 గ్రాములు తూగాలి. కారు బ్యాటరీలకి వాడే హైడ్రోమీటరు ఇక్కడ పనిచేయదు, దాని గీతలు 1.300 దగ్గరే ఆగిపోతాయి.

చిక్కగా ఉంటే త్వరగా తింటుందని చాలామంది 250 మి.లీ. నీళ్లతోనే కలుపుతారు. జరిగేది తలకిందులు. 42 బామే ద్రావణం పాకంలా ఉండి రాగి మీద కదలదు, అరిగిన రాగి అక్కడే నిలిచిపోతుంది. కొంచెం పలచన చేస్తేనే వేగం పెరుగుతుంది.

నీళ్ల సంగతి ఇంకొకటి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పు వల్ల పెద్ద నష్టం లేదు. మిగతాచోట్ల గట్టినీళ్లతోనే ఇబ్బంది: వాటిలోని క్షారానికి ఫెర్రిక్ విరిగి తుప్పురంగు మడ్డి కడుతుంది. మినరల్ వాటర్ టిన్ను నీళ్లు వాడితే ఆ బాధే ఉండదు.

రేకు మీద లోతుగా తినిపించాలనుకునేవాళ్లు నిమ్మఉప్పు కలపాలి. కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ ఆసిడే. 1997లో ఎడిన్‌బరోలో ప్రింట్‌మేకర్ ఫ్రీడ్‌హార్డ్ కీకెబెన్ పట్టుకొచ్చిన చిట్కా ఇది. ఒక పాలు నిమ్మఉప్పుని మూడు పాళ్ల వేడినీళ్లలో కరిగించి, ఆ నీళ్లు ఒక పాలు, చిక్కటి ఫెర్రిక్ ద్రావణం నాలుగు పాళ్లు కలపాలి. దీనికి మాత్రం గడ్డల్ని 250 మి.లీ. నీళ్లతో చిక్కగానే కలుపుకోవాలి, పలచన చేసే పని నిమ్మఉప్పు నీళ్లు చూసుకుంటాయి. గీతల అడుగున మడ్డి పేరుకోదు, అంచులు శుభ్రంగా వస్తాయి. ఖర్చు పెట్టిన రూపాయికి ఇంత ఫలితమిచ్చే సరుకు ఈ పనిలో ఇంకోటి లేదు.

ఎన్ని రేకులకి వస్తుంది?

అమ్మేవాళ్లెవరూ చెప్పని లెక్క ఇది. 100 గ్రాముల అసలు మందు పుస్తకం లెక్కన దాదాపు 19.5 గ్రాముల రాగిని కరిగించగలదు. పైన చెప్పిన 500 గ్రాముల గడ్డల సీసాలో 300 గ్రాముల మందు ఉంది, అంటే 58 గ్రాములు. చేతల్లో సగానికి రాకముందే పని నత్తనడక పడుతుంది కాబట్టి 25 గ్రాములనే నమ్మండి.

సర్క్యూట్ బోర్డు మీద రాగి పొర 35 మైక్రాన్లే. 10×15 సెం.మీ. బోర్డులో సగం రాగి తీసేస్తే పోయేది 2.4 గ్రాములు. ఒక సీసాతో పది బోర్డులు హాయిగా అవుతాయి. నేమ్‌ప్లేటు లెక్క వేరు. 6×9 అంగుళాల ఇత్తడి రేకులో ఐదో వంతు అక్షరాలైతే, 0.3 మి.మీ. లోతుకి దాదాపు 18 గ్రాముల లోహం పోవాలి. అంటే సీసాకి ఒక రేకు, ఇంకో చిన్నది. అక్షరాలు పైకి లేచి కనబడాలని చుట్టూ ఉన్న నేలంతా తినిపిస్తే దానికి నాలుగింతలు. రెండు సీసాలు కలిపినా చాలవు. ఆ సరదా ఉన్నవాళ్లు తణుకు దగ్గర అజ్జరం వెళ్లి పోత పోయించుకోవడం చవక.

తెలుగు అక్షరాలతో వచ్చే పేచీ

మందు లోతుకే కాదు, పక్కకీ తింటుంది. ట్రేలో ముంచి చేసే పనిలో లోతు ఎంతో పక్కకీ దాదాపు అంత. 0.3 మి.మీ. లోతు దింపితే ప్రతి గీతా రెండువైపులా కలిపి 0.6 మి.మీ. లావెక్కుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకి ఇది లెక్కలోకి రాదు. మనకి "లక్ష్మీ నిలయం" అని రాస్తే క్ష్మ దగ్గర ఒత్తుకీ ఒత్తుకీ మధ్య సందు అర మిల్లీమీటరే ఉంటే రెండూ కలిసి ముద్దవుతాయి. అక్షరం పైకి లేచే పద్ధతిలో తలకట్టు సన్నబడి తెగిపోతుంది, థ, ఠ లోపలి చుక్క అసలు మిగలదు.

అందుకని అక్షరం ఎత్తు 18 మి.మీ.కి తగ్గనివ్వకండి. లావుపాటి ఫాంటు తీసుకోండి. లోతు అక్షరాలైతే గీతని కంప్యూటర్లోనే అర మిల్లీమీటరు సన్నం చేసుకోండి, తిన్నాక సరిపోతుంది. ఒత్తుల్ని కొంచెం కిందికి జరపండి. ఫాంటు తయారుచేసినవాళ్లకి మన ట్రే సంగతి తెలీదు కదా.

మాస్కుకి, అంటే మందు తినకూడని చోటు కప్పే పొరకి, మూడు దారులున్నాయి. బోర్డులకి లేజర్ ప్రింటు లేదా జిరాక్సు టోనరు: నిగనిగలాడే మ్యాగజైన్ కాగితం మీద అద్దంలో కనబడేట్టు తిప్పి ప్రింటు తీయించాలి, ప్రింటు వైపు రాగికి ఆనించి, ఇస్త్రీపెట్టెని కాటన్ సెట్టింగులో ఉంచి ఆవిరి లేకుండా మూడు నాలుగు నిమిషాలు అదిమి రుద్దాలి, నీళ్లలో నానబెట్టి కాగితం వేలితో నలిపి తీయాలి. ఇంక్‌జెట్ ప్రింటు దీనికి అంటదు. టోనరు పొరలో సూదిమొన చిల్లులు తప్పవు, వాటిని సీడీ మార్కరుతో మూయాలి. 0.1 మి.మీ. లోతు దాటితే టోనరుని నమ్మకండి.

నేమ్‌ప్లేటుకి మాత్రం రేడియం స్టిక్కర్లు కోసే కొట్టుకి వెళ్లడమే. బళ్ల మీద పేర్లు వేసే ప్లాటరు కత్తే మన పని కూడా చేస్తుంది. ఫైలు ఇచ్చి, అక్షరాలు ఊడదీసి చుట్టూ ఉన్నది ఉంచమని స్పష్టంగా చెప్పాలి. లేదంటే అలవాటు కొద్దీ అక్షరాలు ఉంచి చుట్టూ ఉన్నది పీకేస్తారు. సున్న లోపలి చిన్న గుండు, వ, మ లోపలి ముక్కలు ట్రాన్స్‌ఫర్ టేపుతో పాటే రావాలి. 3 మి.మీ.కంటే చిన్న ముక్క వెచ్చటి మందులో ఊడి తేలుతుంది, దాని అంచుల్లో ముందే గోళ్లరంగు పూయండి. మూడో దారి గోళ్లరంగుతోనే చేత్తో గీయడం. చెయ్యి తిరిగినవాళ్లకి ముగ్గు డిజైన్లకి బావుంటుంది, అక్షరాలకి వద్దు.

తినిపించడం

రేకు 16 గేజి, అంటే 1.6 మి.మీ. ఉంటే మంచిది. 18 గేజి (1.2 మి.మీ.) పెద్ద సైజులో వంగుతుంది. చింతపండు పెట్టి తోమడంతో సరిపెట్టుకోవద్దు, 400 నంబరు వాటర్ పేపరుతో ఒకే దిశలో రుద్ది, గిన్నెల సబ్బుతో కడగాలి. నీళ్లు పోస్తే రేకంతా ఒకే పొరలా పరుచుకోవాలి, తామరాకు మీద బొట్లలా విడిపోతే ఇంకా జిడ్డుంది. ఆ తర్వాత వేలు తగలకూడదు. వేలిముద్ర పడిన చోట స్టిక్కరు లేస్తుంది, మందు లోపలికి పాకుతుంది. వెనకవైపు, అంచులు బ్రౌన్ టేపుతో మూసి, టేపు అతుకులకి గోళ్లరంగు వేయాలి.

రేకుని ట్రేలో అక్షరాలు కిందికి ఉండేట్టు పెట్టాలి. ఇది చాలామంది చేయరు, అందుకే అడుగున గరుకు గరుకుగా వస్తుంది. మొహం పైకి ఉంటే కరిగిన మడ్డి అక్షరంలోనే కూర్చుంటుంది. నాలుగు మూలలా ప్లాస్టిక్ మూతలు పెట్టి రేకుని సెంటీమీటరు ఎత్తులో నిలపండి. దించేటప్పుడు ఒక వైపు ముందు ముంచి ఏటవాలుగా దించాలి, బల్లపరుపుగా వేస్తే కింద గాలిబుడగ చిక్కుకుని అక్కడ తినకుండా పుండులా ఉబ్బు మిగులుతుంది. రాగి మీద ఈ మందు గ్యాసు వదలదు, కాబట్టి బుడగ కనబడిందంటే అది మీరు తెచ్చిందే. అయిదు నిమిషాలకోసారి పైకెత్తి చూసి, ట్రేని మెల్లిగా ఊపుతుండాలి.

మే నెలలో ఇక్కడ నీడలో ఉంచిన మందే 35 డిగ్రీలుంటుంది, హీటరు అక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో ట్రేని వేడినీళ్ల తొట్టెలో నిలిపి 40–45 వరకు తెచ్చుకోండి. 50 దాటితే స్టిక్కరు జిగురు మెత్తబడుతుంది, పొగ మొదలవుతుంది. గ్యాస్ స్టవ్వు మీద ఎప్పుడూ వద్దు. కొత్త మందులో బోర్డు 10–20 నిమిషాల్లో అయిపోతుంది. రేకు మీద మొదటి 0.1 మి.మీ. దిగడానికి అరగంట నుంచి గంట, తర్వాత ఇంకా నిదానం. లోతు చూసేది గోటితో: గోరు తట్టుకుని ఆగితే పెయింటు నిలుస్తుంది.

బయటికి తీశాక మొదటి కడుగుడు రెండు లీటర్ల చిన్న తొట్టెలో. ఆ నీళ్లు పారబోయకండి, అవీ వాడేసిన మందు కిందే లెక్క. తర్వాత లీటరుకి 50 గ్రాముల వంటసోడా కలిపిన నీళ్లలో బుడగలు ఆగేదాకా ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో మూలలన్నీ తోమాలి. ఇక్కడ బద్ధకిస్తే వారంలో అక్షరాల అంచున పచ్చటి చిలుము పుట్టి పెయింటుని పైకి లేపుతుంది. కోస్తా గాలికి అది ఇంకా త్వరగా వస్తుంది. స్టిక్కరు ఉండగానే నల్ల ఎనామిల్ నింపి, ఆరాక స్టిక్కరు పీకి, 600 వాటర్ పేపరు చెక్కముక్కకి చుట్టి పైపైన రుద్ది, రెండు పూతల క్లియర్ లక్కర్ వేయాలి. సముద్రానికి దగ్గర ఊళ్లలో మూడో పూత కూడా.

చేతులకి నైట్రైల్ గ్లౌజులు, కళ్లకి అద్దాలు. కంట్లో పడితే పావుగంట ధారగా కడిగి డాక్టరు దగ్గరికి. మొజాయిక్ గచ్చు మీద పడితే వెంటనే తుడిచేయాలి. మరక నిలిచిపోతే నిమ్మఉప్పు నీళ్లకి తగ్గుతుంది, కానీ మొజాయిక్ మీదైనా పాలరాయి మీదైనా నిమ్మఉప్పు వేస్తే రాయి మెరుపు పోతుంది.

వాడేసిన మందు

కొత్తది కాషాయపు గోధుమరంగు, వాడగా వాడగా నల్లటి ఆలివ్ పచ్చ. రంగుని బట్టి కాకుండా టైము బట్టి తీర్పు చెప్పండి. అదే బోర్డుకి మొదట్లో పట్టిన దానికి మూడింతలు పడితే దాని పని అయిపోయింది.

దీన్ని కాలువలో, బోదెలో, చేపల చెరువు గట్టున పోయకూడదు. నీళ్లలో కరిగిన రాగి రొయ్య మొప్పల్ని దెబ్బతీస్తుంది. ఇంకో సంగతి, వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపేది ఆ కాలువ నీళ్లతోనే. బోర్డో మిశ్రమంలో కొబ్బరిచెట్లకి మైలుతుత్తం వాడుతున్నాం కదా, ఇదీ రాగే కదా అని చెట్టు మొదట్లో పోసేవాళ్లున్నారు. ఆ మిశ్రమంలో సున్నం ఉండి రాగిని కట్టి ఉంచుతుంది, ఇందులో ఉన్నది ఆసిడూ, విడి రాగీ.

పారబోసే పద్ధతి ఇదీ. 15 లీటర్ల బక్కెట్టులో మందు పోసి, నాలుగింతల నీళ్లు కలపాలి. సోడా యాష్ (నీరు లేని చాకలి సోడా పొడి) చెంచా చెంచాగా వేస్తూ కలపాలి, బాగా పొంగుతుంది కాబట్టి తొందరపడకూడదు. పైన చెప్పిన ఒక సీసా మందుకి దాదాపు 300 గ్రాములు పడుతుంది, స్ఫటికాల చాకలి సోడా అయితే 800 గ్రాముల దాకా. రొయ్యల చెరువుల మందులమ్మే కొట్లలో దొరికే పీహెచ్ కాగితంతో చూసి 8–9 మధ్య ఆపాలి. రాగీ ఇనుమూ గోధుమ పచ్చ మడ్డిగా కిందికి దిగుతాయి. ఓ రాత్రి ఉంచి, పైన రంగులేని ఉప్పునీళ్లని ఇంటి మురుగులోకి ఎక్కువ నీళ్లతో వదలొచ్చు. నీళ్లలో నీలం ఛాయ ఉంటే ఇంకా రాగి ఉన్నట్టు, ఇంకొంచెం సోడా వేసి మళ్లీ ఆగాలి. మడ్డిని పాత గుడ్డలో వడకట్టి, ఎండబెట్టి, సిమెంటు ముద్దలో కలిపి గట్టిపరచాలి. ఇదంతా చేసే ఓపిక లేకపోతే మందు కొనకండి. పెరాక్సైడ్ పోసి పాతదాన్ని మళ్లీ బతికించే చిట్కాలు చెబుతుంటారు, క్లోరిన్ లేచే అవకాశమున్న ఆ పని ఇంట్లో వద్దు.

నిల్వకి గాజు సీసా, లోపల ప్లాస్టిక్ ఉన్న మూత, లేదా మందమైన ప్లాస్టిక్ డబ్బా. కూల్‌డ్రింకు సీసాలో పోయకండి, రంగు చూసి పిల్లలు థమ్స్‌అప్ అనుకుంటారు. పనిముట్ల బీరువాలో కాకుండా, బయట తాళమేసిన ప్లాస్టిక్ పెట్టెలో పెట్టుకోండి.

స్టీలు గిన్నెల మీద పేర్లు వేయడానికి దీన్ని కొనాలనుకునేవాళ్లకి: వద్దు. స్టెయిన్‌లెస్ మీద ఇది గుంటలు గుంటలుగా తింటుంది, అక్షరం సాఫుగా రాదు. ఉప్పునీళ్లలో బ్యాటరీ కరెంటు పెట్టి చేసే పద్ధతిలో స్టెయిన్‌లెస్ నుంచి క్రోమియం నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు ఫెర్రిక్ కంటే ప్రమాదం. గిన్నెలమ్మే కొట్లో పేర్లు చెక్కే మిషను పెన్ను ఉంటుంది, దానికి ఇచ్చేయండి.